బరువు మిషన్‌తో నా పేచీ

మా ఇంట్లో బరువు చూసుకునే మిషన్‌ని ఒక దశలో మంచం కింద, పాత సూట్‌కేసు వెనక్కి తోసేశాను. పాపం, దాని తప్పేమీ లేదు. రోజుకి మూడుసార్లు దాని మీదెక్కి మూడుసార్లు మూడ్ పాడుచేసుకుంటున్నది నేనే. పొద్దున లేవగానే ఒకసారి, నడిచి వచ్చాక ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఇంకోసారి. పొద్దుటి కంటే రాత్రి అంకె ఎక్కువే ఉంటుందని తెలిసి కూడా ఎక్కేవాణ్ణి. ఏమో, ఈ ఒక్క రాత్రికి తగ్గుతుందేమోనని ఆశ.

నా కథ చాలామంది కథే. నలభై రెండో ఏట, 86 కిలోల బరువుతో, రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని డాక్టర్ ముందు కూర్చున్నాను. రక్తంలో చక్కెర తీరు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 అని ఉంది. "షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు, వీధి మలుపు మాత్రం తిరిగింది" అన్నారాయన. మర్నాడే మొదలుపెట్టేశాను. తీపి బంద్, రాత్రి భోజనం సగం, పొద్దున గంట నడక. రెండు వారాల్లో రెండున్నర కిలోలు తగ్గాను. ఈ లెక్కన పోతే ఆర్నెల్లకి ఇంటర్ చదివిన రోజుల నాటి ప్యాంట్లు పడతాయని కాగితం మీద లెక్క కూడా వేసుకున్నాను. ఆ తర్వాత ఐదు వారాలు అంకె కదల్లేదు. మధ్యలో ఒక వారమైతే అరకిలో పెరిగింది.

సరిగ్గా అప్పుడే సలహాలు మొదలవుతాయి. అవి రెండు రకాలు. 'నీకు మోటివేషన్ చాలడం లేదు' అనేది ఒకటి. జ్వరమొచ్చినవాడితో 'నీకు ఒళ్ళు వేడిగా ఉంది' అనడం లాంటిది కాబట్టి దాన్ని వదిలేద్దాం. రెండోది వేదాంతం: 'ఫలితం గురించి ఆలోచించకు, చేసే పనిని ప్రేమించు.' నా పేచీ దీనితోనే. నాకు వ్యాయామం ఇష్టం లేదు. ఏడాదిన్నరగా చేస్తున్నాను, ఇప్పటికీ ఇష్టం కలగలేదు. పొద్దున్నే బూట్లు వేసుకుంటుంటే ఏదో ఆనందం పొంగుకొస్తుందని చెప్పేవాళ్ళని నమ్ముతాను, కానీ నేను ఆ జాతి కాదు. ఫలితం కోసమే చేస్తున్నాను, ఫలితం కావాలి. కష్టపడినవాడు కూలి అడిగితే అత్యాశ ఎలా అవుతుంది? కాకపోతే ఆ కూలి కోసం నేను తప్పుడు కిటికీ దగ్గర, తప్పుడు వేళకి నిలబడ్డాను. నెమ్మదిగా సాగే పనిలో ఉత్సాహం చచ్చిపోయేది చాలావరకు అక్కడేనని నా నమ్మకం.

ఆ రెండున్నర కిలోల సంగతి ముందు చూద్దాం. మనం తిన్న పిండిపదార్థంలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్‌గా మార్చి కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకుంటుంది. పెద్దవాళ్ళలో ఆ నిల్వ మొత్తం సుమారు అరకిలో ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌ని పట్టుకుని దాదాపు మూడు గ్రాముల నీళ్ళుంటాయి. తిండి ఒక్కసారిగా తగ్గించగానే ముందు ఖర్చయ్యేది ఈ నిల్వే, దాంతో పాటు ఆ నీళ్ళూ పోతాయి. అంటే మొదటి రెండు వారాల్లో నేను ఇంట్లో కాలర్ ఎగరేసుకుని తిరిగింది చాలామటుకు నీళ్ళు పోయినందుకు! కొవ్వు కరగడం అప్పుడే, చాలా నెమ్మదిగా, చప్పుడు లేకుండా మొదలైంది. మిషన్ నన్ను పొగిడిన రోజుల్లో నేను సాధించింది తక్కువ. అది మొహం తిప్పుకున్న రోజుల్లో సాధించింది ఎక్కువ. ఈ ఒక్క విషయం ముందే ఎవరైనా చెప్పి ఉంటే సూట్‌కేసు వెనక చీకట్లో మిషన్ పడి ఉండాల్సిన అవసరం వచ్చేది కాదు.

ఇంకో చిన్న లెక్క. కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉంటాయి. రోజుకి 250 కేలరీలు తక్కువ పడేలా తిండీ నడకా సర్దుకున్నామనుకోండి, వారానికి 1750. అంటే వారమంతా బుద్ధిగా ఉంటే కరిగే కొవ్వు పావుకిలో కూడా కాదు, 227 గ్రాములు. మరి బరువు? కొవ్వుతో సంబంధం లేకుండానే ఒక రోజుకీ ఇంకో రోజుకీ కిలో, ఒక్కోసారి రెండు కిలోల దాకా అటూ ఇటూ అవుతుంది. ఉప్పు ఎక్కువైన రోజు నీరు నిలుస్తుంది. అలవాటు లేని వ్యాయామం చేసి కండరాలు నొప్పి పుట్టినా నిలుస్తుంది. ఆడవాళ్ళకి నెలసరి ముందు నిలుస్తుంది. కిలో ఊగిసలాట మధ్యలో 227 గ్రాముల మార్పుని కంటితో పట్టుకోవడం అంటే, సంతలో నిలబడి గుసగుస వినడమే. నెల తిరిగేదాకా అది వినపడదు. మనమేమో రోజుకి మూడుసార్లు చెవి పెట్టి, ఏమీ వినపడటం లేదని నిరాశపడతాం.

తర్వాత తెలిసిన విషయం ఇంకా ఇబ్బందిపెట్టింది. ఆ 7700 లెక్క 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే డాక్టర్ పౌండ్లలో వేసినదానికి కిలోల రూపం. దాన్నే గీత గీసినట్టు సాగదీసి, రోజుకి వంద కేలరీలు తగ్గిస్తే ఏడాదికి నాలుగున్నర కిలోల పైచిలుకు తగ్గుతామనీ, రెండో ఏడాది మరో నాలుగున్నర అనీ చెప్పుకుంటూ వచ్చారు. శరీరం అలా ఊరుకోదు. బరువు తగ్గేకొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది. తేలికైన బండికి తక్కువ పెట్రోలు చాలినట్టే. 2011లో కెవిన్ హాల్, ఆయన తోటి పరిశోధకులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో దీన్ని సరిదిద్దిన లెక్క ప్రచురించారు. దాని ప్రకారం రోజుకి వంద కేలరీలు శాశ్వతంగా తగ్గించుకుంటే చివరికి తగ్గే బరువు మొత్తం కలిపి సుమారు నాలుగున్నర కిలోలు. అందులో సగానికి ఏడాది పడుతుంది. దాదాపు అంతా తగ్గాలంటే మూడేళ్ళు.

మూడేళ్ళు! ఇది చదివిన రోజు నాకు నీరసం వచ్చిన మాట నిజం. రెండు రోజులు పోయాక మాత్రం ఒక రకమైన తెరిపి కలిగింది. నేను నెమ్మదిగా పోతున్నానని కదా ఇన్నాళ్ళూ కుమిలిపోయింది. దేనితో పోలిస్తే నెమ్మది? ఎవరో గీసిన తప్పుడు గీతతో. ఈ పని నడిచే వేగమే అంత. అరటి గెల వేయడానికి ఇన్ని నెలలని ఉన్నట్టే. తోటలో నిలబడి గెలకి మోటివేషన్ లేదని ఎవరూ అనరు.

తప్పుడు గీత మనసులో ఎంత లోతుగా దిగి ఉంటుందో చెప్పడానికి 1997లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనాన్ని మించింది లేదు. గ్యారీ ఫోస్టర్, థామస్ వాడెన్ తదితరులు, ఊబకాయానికి చికిత్స తీసుకోబోతున్న 60 మంది మహిళల్ని ముందుగానే అడిగారు: మీరు ఎంత తగ్గాలనుకుంటున్నారు, ఎంత తగ్గితే సరిపెట్టుకుంటారు, ఎంత తగ్గితే నిరాశపడతారు? వాళ్ళ లక్ష్యం ఉన్న బరువులో సగటున 32 శాతం తగ్గడం. 25 కిలోలు తగ్గితే సరిపెట్టుకుంటామన్నారు. 17 కిలోలు మాత్రమే తగ్గితే అది నిరాశ అన్నారు. 48 వారాల చికిత్స తర్వాత వాళ్ళు తగ్గింది సగటున 16 కిలోలు. పదహారు కిలోలు అంటే మాటలా? మోకాళ్ళకి, గుండెకి, నిద్రకి అదొక కొత్త జన్మ. అయినా దాదాపు సగం మంది తాము 'నిరాశ' అని రాసుకున్న గీత దగ్గరికి కూడా చేరలేదు. అంటే, గెలిచి కూడా ఓడిపోయామనుకునేలా ఆట నియమాలు వాళ్ళే ముందుగా రాసేసుకున్నారు.

నేను రాసుకున్న నియమాలూ అవే. 86 నుంచి 68కి రావాలి, అదీ ఏడాదిలో. 68 ఎక్కడి నుంచి వచ్చింది? పెళ్ళిఫోటోలో ఉన్న మనిషి బరువు అది. ఆ మనిషికి నిద్ర ఎక్కువ, టెన్షన్ తక్కువ, వయసు ఇరవై ఏడు. వాడితో నాకు పోటీ ఏమిటి?

వీధి మలుపు తిరిగిన షుగర్‌ని ఆపడానికి 68 అక్కర్లేదు కూడా. అమెరికాలో మూడు వేల మందికి పైగా షుగర్ ముప్పు ఉన్నవాళ్ళ మీద చేసిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2002లో వచ్చాయి. వాళ్ళలో ఒక జట్టుకి ఇచ్చిన పని, బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటిది. సగటున మూడేళ్ళకి కాస్త తక్కువ కాలం గమనించారు. ఆ జట్టు సగటున తగ్గించుకున్నది ఐదారు కిలోలే. డమ్మీ మాత్రలు వేసుకున్నవాళ్ళతో పోలిస్తే షుగర్ రావడం మాత్రం 58 శాతం తగ్గింది. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్న జట్టులో తగ్గుదల 31 శాతం. అద్దంలో కనపడీ కనపడని ఐదారు కిలోలు లోపల చేసిన పని అది. నా 86లో 7 శాతం అంటే ఆరు కిలోలు. పద్దెనిమిది కిలోల కొండని చూసి కూలబడ్డవాణ్ణి ఆరు కిలోల మిట్ట చూసి లేచాను. ఈ అధ్యయనం మోటివేషన్ ఇచ్చిందని చెప్పను. లెక్క కుదిరింది, అంతే.

ఇక ఆ కూలి కిటికీ సంగతి. ఒక్కో కొలతకి ఒక్కో గడియారం ఉంటుందని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. బలం గడియారం అన్నిటికంటే త్వరగా తిరుగుతుంది. కొత్తగా బరువులెత్తడం, దండీలు తీయడం మొదలుపెడితే మొదటి కొన్ని వారాల్లోనే చేసే సంఖ్య పెరుగుతుంది. అప్పటికి కండరం పెద్దగా పెరిగి ఉండదు. ఉన్న కండరాన్నే గట్టిగా వాడుకోవడం నాడులు నేర్చుకుంటాయి. గోడకి చేతులు ఆనించి ఎనిమిది తీయడమే కష్టంగా ఉన్నవాణ్ణి, బరువు కదలని ఆ ఐదు వారాల చివరికి నేల మీద ఆరు తీస్తున్నాను. ఆ సంగతి నాకు తెలుసు. కానీ దాన్ని ఫలితంగా లెక్కేయలేదు. ఫలితం అంటే కిలోలే అని ఎవరో శాసనం చేసినట్టు!

పొద్దున కళ్ళు తెరిచాక, మంచం దిగకముందే చూసుకునే నాడి వేగం నెలల మీద మారుతుంది. నాది 78 ఉండేది, ఇప్పుడు 68, 69 దగ్గర ఉంటోంది. నడుము కొలత నెలకోసారి చూస్తే చాలు. అన్నిటికంటే నాకు నచ్చిన పరీక్షాధికారి మాత్రం ఆ హెచ్‌బీఏ1సీనే. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అది బతికినన్నాళ్ళూ రక్తంలో తిరిగే చక్కెర దానికి అంటుకుంటూ పోతుంది. ఎంత అంటుకుందో చూస్తే గత రెండు మూడు నెలలు మనిషి ఎలా బతికాడో తెలిసిపోతుంది. నిన్న రాత్రి విందులో ఏం తిన్నానన్నది దానికి పెద్దగా పట్టదు. పరీక్షకి ముందు రెండు రోజులు ఉపవాసం చేసి దాన్ని మోసం చేయడమూ కుదరదు. మూడు నెలలకి మళ్ళీ చేయిస్తే 6.2 కాస్తా 5.9 అయింది. అప్పటికి నేను తగ్గింది మూడు కిలోల లోపే. రిపోర్టు చూసిన సాయంత్రం మిషన్‌ని మంచం కింద నుంచి బయటికి తీశాను. ఇప్పుడు పొద్దున ఒక్కసారే ఎక్కుతాను. అంకె రాసిపెట్టి ఊరుకుంటాను. ఆదివారం ఏడు అంకెల సగటు తీసి పోయిన వారం సగటు పక్కన పెడతాను. రోజువారీ అంకెతో నాకు మాటల్లేవు.

కొలవని ఫలితాలూ కొన్ని ఉంటాయి. ఆరో నెలలో అక్క వాళ్ళింటికి వెళ్ళాను. మూడో అంతస్తు, ఆ రోజు లిఫ్ట్ పాడైంది. తలుపు తీసి, "ఏరా, ఫోన్లో లిఫ్ట్ లేదని చెప్పడం మర్చిపోయాను, ఎలా వచ్చావు?" అంది.

"మెట్లెక్కి వచ్చానక్కా."

"మరి ఆయాసం ఏదిరా? పోయినసారి వచ్చినప్పుడు సోఫాలో పడి పది నిమిషాలు మాట్లాడలేదు కదా నువ్వు!"

నాకు ఆ సంగతే గుర్తులేదు. నెమ్మదిగా వచ్చే మార్పుతో ఉన్న చిక్కే ఇది. రోజూ చూసుకునే మనకి అది అలవాటై మాయమైపోతుంది. పాత మనిషి సాక్ష్యం చెప్పడానికి ఉండడు. అందుకే మొదట్లోనే ఎక్కడో ఒక చోట రాసి పెట్టుకోవాలనిపించింది, ఎన్ని మెట్లకి ఆయాసం వచ్చింది, బూటు లేసు కట్టుకోవడానికి వంగితే ఎలా ఉంది అని. నేను రాసుకోలేదు. అక్క గుర్తుపెట్టుకుంది.

పక్కవాడితో పోలిక గురించి కూడా చెప్పాలి. నాతో పాటే మొదలుపెట్టిన స్నేహితుడు మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాడు. ఇద్దరిదీ ఒకే నడక, ఇంచుమించు ఒకే తిండి. వాడి ఫోటోలు చూసినప్పుడల్లా నా చిత్తశుద్ధి మీద నాకే అనుమానం వచ్చేది. తర్వాత హెరిటేజ్ అనే అధ్యయనం గురించి చదివాను. క్లాడ్ బుషార్డ్ తదితరులు 98 కుటుంబాల నుంచి 481 మందితో 20 వారాల పాటు జిమ్ సైకిలు మీద ఒకే పద్ధతిలో వ్యాయామం చేయించారు. శరీరం ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం కొందరిలో అసలు పెరగలేదన్నంత తక్కువ పెరిగింది, కొందరిలో నిమిషానికి లీటరుకి పైగా పెరిగింది. తేడాలో చాలా భాగం కుటుంబాల మధ్య ఉంది, అంటే కొంత పుట్టుకతో వచ్చిందే. ఒకే సైకిలు, ఒకే శ్రమ, వేర్వేరు కూలి. అన్యాయమే. ఎవరి మీద కోప్పడాలో తెలియని అన్యాయం కాబట్టి వదిలేశాను. వాడి ఫోటోలకి లైకు కొడుతున్నాను, కాస్త ఆలస్యంగా.

ఇన్ని మాటలు చెప్పాక, నా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. ఐదు వారాలు అంకె ఆగిపోవడానికి నీళ్ళొక్కటే కారణం కాదు. 1992లో స్టీవెన్ లిచ్ట్‌మన్ బృందం, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పే పదిమందిని పరీక్షించింది. వాళ్ళ శరీరం కేలరీలు ఖర్చుచేసే తీరు మామూలుగానే ఉంది. వాళ్ళు తిన్నామని రాసిన దానికంటే నిజంగా తిన్నది చాలా ఎక్కువ. సగటున 47 శాతం తక్కువ చేసి రాశారు, చేసిన శ్రమని 51 శాతం ఎక్కువ చేసి రాశారు. వాళ్ళు అబద్ధాలకోరులు కారు. మనిషి లెక్కలే అంత. నేనూ ఒక వారం నోట్లో పెట్టుకున్న ప్రతిదీ రాశాను. పిల్లవాడి కంచంలో మిగిలింది పారేయడం ఎందుకని తినేది, వంటింట్లోకి మంచినీళ్ళ కోసం వెళ్ళి డబ్బా మూత తీసేది, ఆఫీసులో ఎవరి పుట్టినరోజుకో పంచినది, ఇవేవీ నా లెక్కలో అప్పటిదాకా 'తిండి' కావు. నెమ్మది అనుకున్నదాంట్లో కొంత నెమ్మదీ కాదు, చిల్లు.

చిల్లు కంటే ప్రమాదం గండి. 'మునిగాక చలేమిటి' అన్న సామెత డైటింగ్ చేసేవాళ్ళ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మ్యాక్ చేసిన ప్రయోగంలో విద్యార్థినులకి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత రుచి చూసి చెప్పమని ఐస్‌క్రీమ్ ముందు పెట్టారు. మామూలు వాళ్ళు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. తిండిని కట్టడి చేసుకునేవాళ్ళేమో, మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. ఎలాగూ నియమం చెడింది కదా, ఇంకేముంది! నా అనుభవంలో బరువు పెంచింది ఏ ఒక్క విందూ కాదు. విందు తర్వాత, 'సోమవారం నుంచి మళ్ళీ చూద్దాం' అనుకున్న ఆ నాలుగైదు రోజులే.

సోమవారం అనేదాన్ని నమ్మడం మానేయడానికి లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన పని సాయపడింది. కొత్త అలవాటు మొదలుపెట్టిన 96 మందిని 12 వారాలు గమనించారు. ఆలోచించకుండానే చేసేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. ఒక్కొక్కరి అంచనా 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటు పడటం మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనపడలేదు. (అందరూ చెప్పే 21 రోజుల మాట 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ నుంచి వచ్చింది. కొత్త ముఖానికి అలవాటు పడటానికి తన రోగులకి కనీసం అన్ని రోజులు పడుతోందని ఆయన గమనించాడు. 'కనీసం' అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది.)

ఒక రోజు తప్పినా పరవాలేదు కానీ వారం తప్పితే నాలాంటి ఆరంభశూరుడు మళ్ళీ లేవడు. అందుకే చెడ్డ రోజుల కోసం వేరే కొలత పెట్టుకున్నాను. జ్వరం లేకపోతే, ఎంత రాత్రయినా పళ్ళు తోముకున్నాక పది గుంజీళ్ళు. ఒక్క నిమిషం పని. మా ఆవిడ మొదటిసారి చూసి, "ఇదేం ఎక్సర్‌సైజండీ, బళ్ళో మాస్టారు శిక్ష వేసినట్టు!" అని నవ్వింది. నిజమే, ఆ పదింటితో ఒంట్లో ఏమీ కరగదు. కానీ మర్నాడు నేను 'మానేసినవాణ్ణి' కాను. మానేసినవాడు మళ్ళీ మొదలుపెట్టాలి, దానికి ఉత్సాహం కావాలి, ముహూర్తం కావాలి, కొత్త బూట్లు కావాలి. మానని వాడికి అవేవీ అక్కర్లేదు.

పదకొండో నెలలో నిజంగానే జ్వరమొచ్చి మూడు వారాలు అన్నీ ఆగిపోయాయి. కిలోన్నర తిరిగొచ్చింది. ఈ వ్యాసంలో చెప్పిన జ్ఞానమంతా అప్పటికే నాకు ఉంది, అయినా పది రోజులు దిగులుగా తిరిగాను. జ్ఞానం దిగులుని ఆపదు, కాస్త తొందరగా ముగిస్తుంది. అదే వ్యవధిలో ముందైతే మొత్తం వదిలేసేవాణ్ణి.

ఇక్కడ ఒక మాట అడ్డం వేయాలి. అన్ని నెమ్మదులూ ఒకటి కావు. థైరాయిడ్ మందగించినవాళ్ళు, స్టెరాయిడ్లో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు నెలల తరబడి అన్నీ సరిగ్గా చేసినా అంకె కదలకపోతే డాక్టర్‌తో మాట్లాడాలి. మోటివేషన్ వీడియోలు చూడటం కాదు. అంకెలు రాసుకోవడం మొదలుపెడితే తిండి మీద భయం పట్టుకునే తత్వం ఉన్నవాళ్ళకి నా ఆదివారం సగటు కూడా మంచిది కాదు. వాళ్ళ మిషన్ మంచం కిందే ఉండనివ్వడం నయం.

ఇప్పుడు నా సగటు 79.4. పద్దెనిమిది నెలలకి ఆరున్నర కిలోలు, అంటే నెలకి 370 గ్రాముల కంటే తక్కువ. ఈ అంకె చెబితే, "అంతేనా?" అన్నవాళ్ళే ఎక్కువ. నేనూ ఒకప్పుడు అంతేనా అనేవాణ్ణే. వచ్చే నెల ఏడో తారీఖున మళ్ళీ రక్తపరీక్ష. ఈ లోపు నడుము కొలుచుకోవాలి, టేపు ఎక్కడ పెట్టానో కనపడటం లేదు. బహుశా మంచం కింద, సూట్‌కేసు వెనక.